సిరొంచ నుంచి ముక్తినాథ్ దాకా: పెద్దవాళ్లను వెంటబెట్టుకుని నేపాల్ వెళ్లిరావడం ఎలా

2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు మా సిరొంచ ఘాట్‌లో అమ్మ పక్కన మునిగిన ఒక పెద్దావిడ, తాను నేపాల్ కొండల్లోని విష్ణు క్షేత్రం ముక్తినాథ్ పోయొచ్చిన సంగతి చెప్పింది. నూట ఎనిమిది ధారల కింద తల తడుపుకున్నానని, గండకీ నదిలో సాలగ్రామాలు చూశానని. ఆ రోజు నుంచి అమ్మకు అదే ధ్యాస. నాగపూర్‌లో బస్సు ప్యాకేజీలు అడిగాం. పది రోజుల్లో అయోధ్య, కాశీ, నేపాల్ అన్నీ తిప్పేస్తామన్నారు. అరవై దాటిన మనిషి రాత్రిళ్లు బస్సులో కూర్చుని, ఒక్క పగట్లో కొండెక్కి దిగాలి. నాకు మనసొప్పలేదు. చివరికి అమ్మను, పెద్దమ్మను నేనే తీసుకెళ్లాను. పద్నాలుగు రోజులు పట్టింది. సిరొంచ, అహేరి, బల్లార్షా, చంద్రపూర్ వైపు మనవాళ్లు ఎవరైనా అలా బయల్దేరాలనుకుంటే పనికొస్తుందని ఆ దారంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. నేపాల్‌లో సొంతంగా తిరగడం మన మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దు వాళ్లకు చాలామంది అనుకునేదానికన్నా తేలిక. నేపాలీ రాసేది మరాఠీ అక్షరాల్లోనే. జిల్లా పరిషత్ మరాఠీ బడిలో చదివిన ఎవరైనా అక్కడి బస్సు బోర్డు, దుకాణం పేరు, ఆసుపత్రి బోర్డు కూడబలుక్కుని చదివేస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ మాట్లాడి పెరిగిన నోటికి నాలుగో భాష బరువు కాదు. కష్టమంతా రెండు చోట్లే: కాగితాల్లో ఒకటి, కొండ ఎత్తులో ఇంకొకటి. అందుకే ఆ రెండింటి గురించే ఎక్కువ రాశాను.

ఎప్పుడు బయల్దేరాలి

అక్టోబరు మధ్య నుంచి నవంబరు చివరి దాకా, లేదంటే మార్చి, ఏప్రిల్. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వద్దు. అక్కడి రోడ్లు నదుల వెంట కొండ అంచున పోతాయి, వానాకాలంలో కొండచరియలు విరిగి పడతాయి. 2024 జులైలో సిమల్‌తాల్ దగ్గర చరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి. అదే ఏడు ఆగస్టులో మన మహారాష్ట్ర జల్‌గావ్ జిల్లా యాత్రికులతో పోఖరా నుంచి ఖాట్మండు వెళ్తున్న బస్సు మర్స్యాంగ్దీ నదిలో పడి 27 మంది పోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. నెల ఎంచుకోవడం మన చేతిలో ఉంది, పగటి ప్రయాణం ఎంచుకోవడమూ మన చేతిలోనే ఉంది. నేపాల్‌లో రాత్రి బస్సు ఎక్కకండి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పైన మంచు పడుతుంది, పెద్దవాళ్లు తట్టుకోలేరు. మన దసరా రోజుల్లోనే వాళ్లకు దశైన్, దీపావళికి తిహార్. ఊళ్లకు పోయే జనంతో బస్సులు కిక్కిరిసి, ఆఫీసులు మూసి ఉంటాయి. తిహార్ అయిపోయిన వారంలో వెళ్తే ఆకాశం తేటగా, దారి ఖాళీగా ఉంటుంది. మేము వెళ్లింది అప్పుడే.

కాగితాలు

మనకు నేపాల్ వీసా అక్కర్లేదు. కానీ గుర్తింపు కార్డు అసలుది చేతిలో ఉండాలి. మామూలుగా చెల్లేవి రెండే: పాస్‌పోర్టు, లేదా ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు. ఆధార్ ఉంది కదా అని వెళ్లేవాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వాళ్లకు ఆధార్ చెల్లదు. విమానం ఎక్కేటప్పుడు దీన్ని ఖచ్చితంగా చూస్తారు. 65 దాటినవాళ్లు, 15 లోపు పిల్లలు ఫొటో, వయసు ఉన్న కార్డు ఏదైనా చూపొచ్చు: ఆధార్, పాన్, రేషన్ కార్డు లాంటివి. 15 నుంచి 18 మధ్య పిల్లలకు వాళ్ల బడి ప్రధానోపాధ్యాయుడు నిర్ణీత నమూనాలో ఇచ్చే ధ్రువపత్రం కావాలి. మా పెద్దమ్మకు 68, అమ్మకు 61. అంటే పెద్దమ్మకు ఆధార్ సరిపోతుంది, అమ్మకు ఓటరు కార్డు తప్పదు.

ఇక మన సరిహద్దు ఇళ్లన్నిటిలో ఉండే చిక్కు: పేరు. మనవాళ్ల పేరు ముందు మరాఠీలో రాసుకున్నారు, దాన్ని చూసి ఇంకొకరు ఇంగ్లిషులోకి మార్చారు. మరాఠీ రాతలో మన ఎకార ఒకారాల పొట్టి పొడుగు తేడా ఉండదు, కాబట్టి ఇంటిపేరు అక్కడే మారుతుంది. పైగా మరాఠీ పద్ధతిలో మనిషి పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఇంటిపేరు వరసగా వస్తాయి. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు. ఓటరు కార్డులో ఒక వరస, ఆధార్‌లో ఇంకో వరస, రేషన్ కార్డులో మూడోది. ఊళ్లో ఉన్నంతకాలం ఎవరూ అడగరు. పరాయి దేశం కౌంటరు దగ్గర అడుగుతారు.

అడిగారు కూడా. తిరుగు ప్రయాణంలో, ముక్తినాథ్ కింద ఉన్న జోమ్‌సోమ్ ఊళ్లో ఒక విమాన కౌంటరు దగ్గర పెద్దమ్మ టికెట్ మీది పేరుకూ కార్డు మీది పేరుకూ రెండు అక్షరాలు తేడా వచ్చింది. టికెట్ తీసిన ఏజెంటు, నేను ఫోన్‌లో చెప్పిన పేరు విని తనకు తోచినట్టు రాశాడు. అరగంట పక్కన నిలబెట్టారు. ఆమె రేషన్ కార్డు, నా కార్డు, అమ్మ కార్డు కలిపి చూపించి, మేమంతా ఒకే కుటుంబమని నమ్మించాక వదిలారు. ఆ అరగంటలో పెద్దమ్మ ముఖం చూడలేకపోయాను.

కాబట్టి బయల్దేరడానికి మూడు నెలల ముందే ఈ పనులు చేయండి. అందరి కార్డులూ ఒక మంచం మీద పరిచి పేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. ఓటరు కార్డులో తప్పుంటే ఫారం 8 నింపి సవరణకు ఇవ్వండి. ఆన్‌లైన్‌లో చేయొచ్చు, లేదా మీ బూత్ స్థాయి అధికారికి ఇవ్వొచ్చు. కార్డు మీద ఫొటో చెరిగిపోయినా అదే ఫారం. పాస్‌పోర్టు తీసుకుందామంటే మన గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాలు నాగపూర్ ప్రాంతీయ కార్యాలయం కిందికి వస్తాయి. 36 పేజీల మామూలు పాస్‌పోర్టుకు రుసుము 1,500 రూపాయలు. ఠాణా విచారణకు కూడా రోజులు లెక్క వేసుకోండి. పెద్దవాళ్లకు ఓటరు కార్డు చాలు, మీకు మాత్రం పాస్‌పోర్టు ఉంటే మంచిది.

టికెట్ ఏదైనా సరే, పేరు నోటితో చెప్పకండి. కార్డు ఫొటో పంపి, దాని మీద ఉన్నది ఉన్నట్టు రాయమనండి. ప్రతి కార్డుకూ నాలుగు నకళ్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు ఆరేసి పెట్టుకోండి. పర్మిట్‌కు, సిమ్ కార్డుకు అవే కావాలి.

డబ్బు

మన 1 రూపాయికి నేపాలీ 1.60. ఈ రేటు 1993 నుంచి ఇదే. కాబట్టి మోసపోవాల్సిన పని లేదు: మీరు 1,000 ఇస్తే 1,600 రావాలి. నేపాలీ ధరను మన లెక్కలోకి తేవాలంటే ఎనిమిదితో భాగించి ఐదుతో హెచ్చించండి. 800 అంటే మన 500. అమ్మ రెండో రోజుకే కూరగాయల దగ్గర ఈ లెక్క నోటితో కట్టేసింది.

ధర అడిగిన ప్రతిసారీ ‘ఐసీయా, ఎన్సీయా’ అని తేల్చుకోండి. ఐసీ అంటే భారత రూపాయలు, ఎన్సీ అంటే నేపాలీ రూపాయలు. సరిహద్దు ఊళ్లలో జీపు వాళ్లు అంకె మాత్రమే చెబుతారు. ఎక్కాక ఐసీ అంటే చేసేదేమీ లేదు.

చేతి డబ్బు 100 నోట్లలో తీసుకెళ్లండి. 2018 డిసెంబరులో నేపాల్ ప్రభుత్వం 100కు మించిన మన నోట్లను నిషేధించింది. తర్వాత ఏ సడలింపు వచ్చినా, కొండ మీద దుకాణంలో 500 నోటు తీసుకోమని వాదించే ఓపిక మీకు ఉండదు. 2024 మార్చి నుంచి అక్కడి ఫోన్‌పే క్యూఆర్ పలకల మీద మన యూపీఐ పనిచేస్తోంది. మన దగ్గరి ఫోన్‌పే వేరు, ఆ కంపెనీ వేరు, పేర్లు మాత్రం ఒకేలా వినిపిస్తాయి. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపు ఇక్కడే ఆన్ చేసుకుని వెళ్లండి. అక్కడ ఇంటర్నెట్ ఉంటేనే అది నడుస్తుంది. ఖాట్మండు, పోఖరాల్లో ఆసరా అవుతుంది, ముక్తినాథ్ ఉన్న ముస్తాంగ్ కొండల్లో నోట్లనే నమ్ముకోండి.

బల్లార్షా నుంచి సోనౌలీ

సిరొంచ వైపు వాళ్లు ఆలపల్లి, ఆష్టి మీదుగా మహారాష్ట్ర ప్రభుత్వ ఎస్టీ బస్సులో బల్లార్షా చేరాలి. అడవి దారి, పొద్దున్నే బయల్దేరండి. బల్లార్షాలో రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నాగపూర్, భోపాల్, ఝాన్సీ, కాన్పూర్ మీదుగా నేరుగా గోరఖ్‌పూర్‌లో దింపుతుంది. ఎక్కడా మారే పని లేదు, పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు ఇంతకన్నా సుఖం లేదు. వారంలో కొన్ని రోజులే నడుస్తుంది. టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. తెరిచిన రోజే కింది బెర్తులు తీసుకోండి.

గోరఖ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1,366 మీటర్లు. హుబ్బళ్లిది కట్టేదాకా ప్రపంచంలో ఇదే పెద్దది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఆ పొడవు చిన్న విషయం కాదు, దిగగానే కూలీని పిలవండి. ఆ రాత్రి అక్కడే పడుకోండి. వీలుంటే గోరఖ్‌నాథ్ గుడి చూడండి. మర్నాడు పొద్దున సరిహద్దు ఊరు సోనౌలీకి బస్సు ఎక్కితే సుమారు మూడు గంటలు. పైన ఊరి పేరు చెప్పి ‘నేరుగా పోఖరా దాకా’ టికెట్ అమ్ముతామనే వాళ్లు స్టేషన్ బయటే ఎదురవుతారు. తీసుకోకండి. గేటు దాటాక నేపాల్ బస్సు నేపాల్‌లోనే కొనుక్కోవడం మేలు.

గేటు దాటడం

సోనౌలీ చూసి అమ్మ ‘ఇంతేనా’ అంది. రోడ్డు మీద ఒక కమాను, ఇవతల మన సశస్త్ర సీమా బల్ జవాన్లు, అవతల నేపాల్ పోలీసులు. కాళేశ్వరం వంతెన దాటినట్టు నడుచుకుంటూ దాటేయొచ్చు. భారతీయులకు ముద్ర వేయరు. కార్డు అడిగితే చూపాలి, సంచులు విప్పమంటే విప్పాలి. ఎవరైనా ‘ఈ సంచీ కాస్త అవతలికి పట్టుకురా అమ్మా’ అంటే ఒప్పుకోవద్దని పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. మన ఆడవాళ్లు జాలిపడి ఒప్పేసుకుంటారు.

సొంత బండిలో వెళ్లేవాళ్లు అక్కడి సుంకం ఆఫీసులో, అంటే వాళ్ల మాటలో ‘భన్సార్’లో, ఉండే రోజులకు కాగితం తీసుకోవాలి. ఆర్సీ, లైసెన్సు అసలువి ఉండాలి. రోజులు మించితే జరిమానా. కొండ రోడ్డుకు అలవాటు లేని డ్రైవరుతో మాత్రం వెళ్లకండి.

గేటు దాటగానే గడియారం 15 నిమిషాలు ముందుకు తిప్పండి. తక్కువే అనిపిస్తుంది కానీ పొద్దున్నే పోయే బస్సును అదే తప్పిస్తుంది. అవతల వచ్చే మొదటి ఊరు భైరహవా. సిమ్ కార్డు అక్కడే తీసుకోండి, ఎన్‌సెల్ గానీ నేపాల్ టెలికాం గానీ. కొండల్లో టెలికాం సిగ్నలే నయమని అక్కడివాళ్లు చెప్పారు.

ఆ రోజు లుంబినీ దాటి ఇంకెక్కడికీ వద్దు. లుంబినీ సుమారు పాతిక కిలోమీటర్లు. బుద్ధుడు పుట్టిన చోట అశోకుడు నాటించిన రాతి స్తంభం, మాయాదేవి గుడి ఉన్నాయి. చుట్టూ ఒక్కో దేశం వాళ్లు కట్టుకున్న ఆరామాలు. సాయంత్రం చల్లగా ఉంటుంది. రిక్షాలో తిప్పి చూపించండి.

చదవడం, అడగడం, తినడం

బస్సు నంబరు అంకెలు మనం మరాఠీ పుస్తకంలో నేర్చినవే. కొన్ని చోట్ల ఐదు, ఎనిమిది, తొమ్మిది కాస్త వేరే రూపంలో ఉంటాయి. ఒక రోజు చూస్తే కన్ను అలవాటు పడుతుంది.

తేదీ మాత్రం జాగ్రత్త. వాళ్లు విక్రమ సంవత్ వాడతారు, మన ఇంగ్లిషు సంవత్సరానికి దాదాపు 57 ఏళ్లు ముందు. బస్సు టికెట్ మీద, రసీదు మీద అదే తేదీ. అందులో ‘కార్తీక్ 20’ అని ఉంటే మన కార్తీకం అనుకోవద్దు. వాళ్ల నెలలు సూర్యుణ్ని బట్టి నడుస్తాయి, వాళ్ల కార్తీక్ అక్టోబరు మధ్యలో మొదలవుతుంది. మన క్యాలెండర్ తేదీ, వారం టికెట్ వెనక రాయించుకోండి. వారపు సెలవు శనివారం.

మాట విషయానికి వస్తే, వాళ్లూ మనలాగే ముక్కూ మొహం తెలియని మనిషిని వరస పెట్టి పిలుస్తారు. అన్నకు ‘దాయ్’, అక్కకు ‘దిదీ’, తమ్ముడికి ‘భాయ్’, చెల్లెలికి ‘బహినీ’. ధర అడగాలంటే ‘కతి హో?’. వేడినీళ్లు ‘తాతో పానీ’. భోజనం వేళ పలకరింపు కూడా మన ‘తిన్నవా?’ లాంటిదే: ‘ఖానా ఖాను భయో?’. హిందీ దాదాపు అందరికీ అర్థమవుతుంది. కానీ ‘ఏయ్ బహాదూర్’ అని పిలిచే మనవాళ్లను అక్కడ చూశాను, సిగ్గుతో తల వంచుకున్నాను. ‘దాయ్’ అనండి, పనులు అవుతాయి, మనిషికి మర్యాదా దక్కుతుంది.

తిండి దగ్గర మనకు పరాయితనం ఉండదు. దాల్ భాత్ అంటే అన్నం, పప్పు, కూర, ఆకుకూర, పచ్చడి. అయిపోతే మళ్లీ వడ్డిస్తారు. చాలనడానికి ‘పుగ్యో’ అనాలి, లేకపోతే పెడుతూనే ఉంటారు. మోమోలు తినేవాళ్లు లోపల ఏముందో అడగండి. ‘బఫ్’ అంటే గేదె మాంసం, అక్కడ అది మామూలు. మేము ఇంటి నుంచి చింతకాయ తొక్కు, కారప్పొడి పట్టుకెళ్లాం. కొండ మీద ఆకలి చచ్చిపోయినప్పుడు అమ్మను తినిపించింది ఆ తొక్కే.

పోఖరా, పర్మిట్

భైరహవా నుంచి పోఖరాకు బుట్వల్, పాల్పా మీదుగా మలుపుల దారి. ఓ పగలంతా పడుతుంది. వాంతుల మాత్ర బస్సు ఎక్కడానికి అరగంట ముందే వేయండి. పోఖరాలో రెండు రాత్రులు ఉండండి, ఒకటి అలసట తీరడానికి, ఒకటి పర్మిట్‌కు.

ముక్తినాథ్ అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో ఉంది. ప్రవేశ పర్మిట్ సార్క్ దేశాల వాళ్లకు మనిషికి నేపాలీ 1,000, అంటే మన 625. కార్డు నకలు, ఫొటోలు ఇస్తే పోఖరా ఆఫీసులో ఇస్తారు. శనివారం కలిసిరాకుండా చూసుకోండి. జీపు మాట్లాడేటప్పుడు మూడు సంగతులు తేల్చుకోండి: పైన ఎన్ని రాత్రులు ఆగుతాడు, డ్రైవరు తిండి పడక ఎవరివి, దారి మూసుకుపోతే డబ్బు సంగతేంటి. కాగితం మీద రాయించుకున్నాకే బయానా ఇవ్వండి.

ఎత్తు

ఇక్కడ తొందరపడితే ప్రాణాపాయం. మన గోదారి గట్టు సముద్రమట్టానికి నూరు చిల్లర మీటర్లు. పోఖరా 800 దాటి. ముక్తినాథ్ 3,700 పైన. పోఖరాలో తెల్లవారుజామున ఎక్కించి సాయంత్రానికి గుడి దగ్గర దింపే జీపులు ఉన్నాయి. ప్యాకేజీలు చేసేదీ అదే. పైన గాలి పలచన, ఒంటికి సర్దుకునే సమయం కావాలి. ఆ సమయం ఇవ్వకపోతే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం, తూలు మొదలవుతాయి. ముదిరితే ఊపిరితిత్తుల్లోకి, మెదడులోకి నీరు చేరుతుంది.

మేము ఇలా వెళ్లాం. మొదటి రాత్రి తాతోపానీలో, 1,200 మీటర్ల దగ్గర. వేడినీటి ఊట ఉంది కాబట్టే ఆ పేరు. అమ్మ, పెద్దమ్మ అందులో కాళ్లు పెట్టుకుని కూర్చుని లేవనంటే లేవలేదు. రెండో రోజు కాలీ గండకీ లోయ వెంట మార్ఫా, ఆ పైన జోమ్‌సోమ్. అది 2,700 మీటర్లు. అక్కడ రెండు రాత్రులు. రెండో పగలు ఊరికే ఊళ్లో నడిచాం, ఎక్కడికీ పోలేదు. మూడో పొద్దున ముక్తినాథ్ ఎక్కి, దర్శనం చేసుకుని, సాయంత్రానికి మళ్లీ జోమ్‌సోమ్ దిగి పడుకున్నాం. పగలు పైకి ఎక్కినా రాత్రి కింద పడుకోవడం పెద్దవాళ్లకు మంచి పద్ధతి.

బయల్దేరే ముందు చంద్రపూర్‌లోనో నాగపూర్‌లోనో డాక్టరుకు చూపించండి. ఈసీజీ, బీపీ, చక్కెర. ఎసిటాజోలమైడ్ అనే మాత్ర ఎత్తుకు సర్దుకోవడానికి వాడతారు కానీ సల్ఫా మందులు పడనివాళ్లకు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ప్రమాదం. డాక్టరు చెప్పకుండా వేయకండి. గుండెకు స్టెంటు పడినవాళ్లు, ఉబ్బసం ముదిరినవాళ్లు పోఖరాలోనే ఆగడం మంచిది. ఆ మాట చెప్పడానికి మనసు రాదు, అయినా చెప్పాలి.

పైన నీళ్లు గంట గంటకూ తాగించండి. పెద్దవాళ్లు ‘ఏం లేదులే బిడ్డా’ అని దాచుకుంటారు, కాబట్టి అడగడంతో సరిపెట్టకండి. నడిపించి చూడండి. గీత గీసినట్టు తిన్నగా నడవలేకపోయినా, కూర్చుని ఉండగా ఆయాసపడినా, మాట తడబడినా, దర్శనం మిగిలి ఉన్నా సరే వెంటనే కిందికి దిగాలి. మందు తర్వాత, ముందు దిగడం. అంబులెన్సుకు 102, పోలీసులకు 100, పర్యాటక పోలీసులకు 1144. ఖాట్మండులో మన రాయబార కార్యాలయం లైన్‌చౌర్‌లో ఉంది, నంబరు ముందే రాసి పెట్టుకోండి.

ముక్తినాథ్

జీపు రాణీపౌవా ఊళ్లో ఆగుతుంది. అక్కడి నుంచి గుడికి ఎక్కుడు దారి, మెట్లు. కుర్రవాళ్లకు అరగంట లోపే, మా వాళ్లకు గంటన్నర. గుర్రాలు దొరుకుతాయి. పెద్దమ్మ గుర్రం మీద వెళ్లింది, మెట్ల దగ్గర దించేశారు.

శ్రీవైష్ణవుల 108 దివ్యదేశాల్లో సాలగ్రామం ఇదే. గుడి వెనక అర్ధచంద్రాకారంలో 108 ధారలు, ఎద్దు ముఖాల నోళ్ల నుంచి పడతాయి. గుడి ముందు రెండు గుండాలు. నీళ్లు మంచు కరిగినవి, ఒంట్లో ఎముక దాకా కొరుకుతాయి. గుండె, బీపీ ఉన్నవాళ్లను మునగనివ్వకండి. అమ్మ ప్రతి ధార కింద చెయ్యి పెట్టి నెత్తిన చల్లుకుంటూ నూట ఎనిమిదీ పూర్తి చేసింది. అలా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఎవరూ తక్కువగా చూడరు. పొడి బట్టలు, ఉన్ని టోపీ పైదాకా పట్టుకెళ్లండి.

దగ్గరలోనే జ్వాలామాయి గుడిలో నేలలోంచి వచ్చే వాయువుతో చిన్న నీలి మంట వెలుగుతుంటుంది. బౌద్ధ సన్యాసినులు చూసుకుంటారు. బౌద్ధులకూ ఇది పుణ్యక్షేత్రమే, కాబట్టి వాళ్ల ప్రార్థన చక్రాలను సవ్యదిశలోనే తిప్పండి.

జోమ్‌సోమ్ నుంచి పోఖరాకు విమానం 20 నిమిషాలు. ఎక్కేటప్పుడు రోడ్డు మీద వెళ్లి, దిగేటప్పుడు మాత్రం విమానం ఎక్కండి. అలా అయితే పైకి నెమ్మదిగా వెళ్తాం, ఒళ్లు ఎత్తుకు సర్దుకుంటుంది. మధ్యాహ్నానికి కాలీ గండకీ లోయలో గాలి లేస్తుంది, అందుకే విమానాలు పొద్దుటిపూటే. మబ్బు పడితే రద్దు. వెనక ఒక రోజు ఖాళీ ఉంచుకోకుండా రైలు టికెట్లు తీయకండి.

ఖాట్మండు, తిరుగు దారి

పోఖరా నుంచి పొద్దున్నే టూరిస్ట్ బస్సు. దారిలో కురింతార్ దగ్గర మనకామనా అమ్మవారికి రోప్‌వే ఉంది. అక్కడ దిగాలనుకుంటే బస్సు బదులు చిన్న బండి మాట్లాడుకోండి. ఖాట్మండులో ఆటో, ట్యాక్సీల బేరం పడలేకపోతే పఠావో యాప్ వాడండి.

పశుపతినాథ్‌కు తెల్లవారుజామున వెళ్లండి. తోలు బెల్టు, తోలు పర్సు బయటే పెట్టాలి. లోపల ఫొటోలు తీయనివ్వరు. మూలస్థానంలో పూజ చేసే భట్టులు కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు. దక్షిణాది పూజారిని అక్కడ చూస్తే పెద్దవాళ్లకు ఎంత నెమ్మదో. సాయంత్రం బాగ్మతీ ఒడ్డున హారతి ఉంటుంది. అవతలి మెట్ల మీద కూర్చుంటే బాగా కనిపిస్తుంది, కానీ ఎదురుగా శవాలు కాలుతుంటాయి. ముందే చెప్పి కూర్చోబెట్టండి. బుఢానీలకంఠలో నీటి మధ్య శేషశయనంలో ఉన్న ఏకశిలా విష్ణువును కూడా వదలకండి.

తిరుగు ప్రయాణానికి వచ్చిన దారినే వద్దు. ఖాట్మండు నుంచి జనక్‌పూర్‌కు విమానం అరగంట లోపే, బస్సు అయితే ఒక పగలు. సీతమ్మ పుట్టిల్లు. గుడి తెల్లటి కోటలా ఉంటుంది, టీకంగఢ్ రాణి కట్టించింది. అక్కడ మైథిలీ మాట్లాడతారు. పెద్దమ్మ ఆ మెట్ల మీద కూర్చుని మా ఊళ్లో సీతమ్మ పెళ్లికి పాడే పాట ఎత్తుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు మాట అర్థం కాకపోయినా ‘సీతా’ అన్నచోట చేతులు జోడించారు.

జనక్‌పూర్ నుంచి మన బీహార్‌లోని జయనగర్‌కు రైలు ఉంది. 2022 ఏప్రిల్‌లో మళ్లీ మొదలైంది. ఇక్కడా కార్డు చూస్తారు. మిగిలిన నేపాలీ నోట్లు జనక్‌పూర్ బజారులోనే మార్చేయండి, 1.60 లెక్క తప్పకుండా. జయనగర్ నుంచి దర్భంగా వచ్చి, హైదరాబాద్ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ చూడండి. సిరొంచ వాళ్లు మంచిర్యాల దాకా తీసుకున్నా నష్టం లేదు. అక్కడి నుంచి చెన్నూరు మీదుగా బండి మాట్లాడుకుంటే దీపాలు పెట్టే వేళకు ప్రాణహిత వంతెన మీద ఉంటారు.